ఆ జాబితాలోంచి రెండు పుస్తకాలు తీసెయ్యండి

కందుకూరు, సింగరాయకొండ, కావలి చుట్టుపక్కల సంఘాల కాపరులకు, డీకన్లకు, సంఘ పెద్దలకు ఒక సండే స్కూలు టీచరు రాసుకునే బహిరంగ లేఖ.

అయ్యలారా, అమ్మలారా, ప్రభువు పేరట వందనాలు.

క్రిస్మస్‌కు ముందు జరగబోయే కుటుంబ సదస్సు కోసం "క్రైస్తవ తల్లిదండ్రులు తప్పక చదవవలసిన పుస్తకాలు" అని ఒక జాబితా మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతా ఉంది. సదస్సు రోజు చర్చి బయట బల్ల వేసి ఆ పుస్తకాలు అమ్ముతారని, ఇంగ్లీషు రానివాళ్ల కోసం కొన్నింటి సారాంశం తెలుగులో అచ్చేసి పంచుతారని కూడా విన్నాను. ఆలోచన మంచిది. మన దగ్గర స్వస్థత మీద, ఆశీర్వాదాల మీద, అంత్యదినాల మీద పుస్తకాలకు కొదవలేదు. పిల్లల పెంపకం మాటకొస్తే మాత్రం మదర్స్ డే రోజు ఒక ప్రసంగం, అంతటితో సరి. ఈ పని తలకెత్తుకున్నవాళ్లను ముందు మెచ్చుకోవాలి.

నేను మండల పరిషత్ బడిలో టీచర్ని. ఆదివారం చర్చిలో పిలకాయలకు సండే స్కూలు చెబుతాను. ఇద్దరు బిడ్డల తల్లిని. రామాయపట్నం సెమినరీలో చదువుకున్నదాన్ని కాను, వేదాంతం మీతో వాదించేంత రాదు. కానీ మీ జాబితాలోని పుస్తకాలు చాలావరకు చదివాను. చదివాను కాబట్టే రాస్తున్నాను.

అన్నీ అమెరికా పుస్తకాలే. దానికి నాకు అభ్యంతరం లేదు. మనకు సువార్త తెచ్చిందీ అమెరికన్ బాప్టిస్టు మిషనే. డే దొరగారు 1840లో నెల్లూరులో పని మొదలుపెట్టకపోతే మనలో చాలామంది ఈ బల్లల మీద కూర్చునేవాళ్లం కాదు. అయితే 1854 జనవరి ఒకటిన ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థన చేసినవాళ్లలో జూవెట్ దొరగారు, దొరసానిగారు ఇద్దరే లేరు. జూలియా, రూతు అనే మన తెలుగు ఆడవాళ్లు కూడా ఉన్నారు. దొరలు తెచ్చిన మాటను వంటింటి దాకా, పశువుల కొట్టం దాకా మోసుకెళ్లింది అట్టాంటి బైబిలు స్త్రీలే. ఏ ఇంట్లో ఏ మాట చెప్పాలో, ఏది చెప్పకూడదో వాళ్లకు తెలుసు. ఇప్పుడు మీరు బల్ల మీద పెట్టబోయే పుస్తకాలకు ఆ పని చేసేవాళ్లు ఎవరు? అమ్మినాయన డబ్బులు లెక్కపెట్టుకుని వెళ్లిపోతాడు. పుస్తకం మాత్రం ఇంటికి పోయి అక్కడే ఉంటుంది, చర్చిలో ఇచ్చారన్న గౌరవంతో సహా.

జాబితాలో 'టు ట్రైన్ అప్ ఎ చైల్డ్' అని ఒకటుంది. టెనెసీ రాష్ట్రంలో ఉండే మైకేల్ పెర్ల్, డెబీ పెర్ల్ అనే దంపతులు 1994లో సొంతంగా అచ్చేసుకున్న పుస్తకం. "బాలుడు నడువవలసిన త్రోవను వానికి నేర్పుము" అన్న సామెతల గ్రంథం మాట నుంచే ఆ పేరు తీసుకున్నారు కాబట్టి, అట్ట చూసి ఎవరికీ అనుమానం రాదు. లోపల ఏముందో చెబుతాను. పాకే బిడ్డ ముందు కావాలనే ఒక వస్తువు పెట్టాలి. ముట్టుకోవద్దని చెప్పాలి. చెయ్యి చాచగానే చిన్న పుల్లతో ఆ చేతి మీద కొట్టాలి. ఏడాది నిండని పసివాళ్లకూ ఇదే శిక్షణ. పెద్ద పిల్లలైతే పూర్తిగా లొంగేదాకా ఆపకూడదు. దేంతో కొట్టాలో చెబుతూ, నీళ్ల కనెక్షన్లకు వాడే పావు అంగుళం ప్లాస్టిక్ గొట్టాన్ని కూడా ఆ దంపతులు సిఫారసు చేశారు.

2006లో, 2010లో, 2011లో అమెరికాలో ముగ్గురు దత్తపిల్లలు పెంచుకున్నవాళ్ల చేతుల్లోనే చనిపోయారు. ఆ మూడు ఇళ్ల విషయంలోనూ పెర్ల్ దంపతుల బోధ చర్చకు వచ్చింది. కోపంలో కొట్టొద్దని మేం రాశాం, ఆ చావులకు మా పుస్తకం బాధ్యత లేదు అని రచయితలు అన్నారు. వాళ్ల మాట కూడా చెప్పడం ధర్మం. కానీ బిడ్డ లొంగేదాకా ఆపొద్దని ఒక చేత్తో రాసి, హద్దు దాటొద్దని ఇంకో చేత్తో రాస్తే, తలుపు వేసుకున్న ఇంట్లో ఏ చెయ్యి గెలుస్తుందో ఎవరు చూడబోయారు?

ఇదంతా దూరదేశం సంగతి అనుకోకండి. ఇంతకుముందు మన ప్రాంతంలో జరిగిన ఒక సదస్సులో ఒక వక్త ఈ పద్ధతినే, పుస్తకం పేరు చెప్పకుండా, వరుసగా అంచెలంచెలుగా నేర్పి వెళ్లాడు. తప్పు ఒప్పించాలి, కొట్టాలి, కొట్టించుకున్నందుకు బిడ్డ చేత కృతజ్ఞత చెప్పించాలి, తర్వాత కలిసి ప్రార్థన చెయ్యాలి. ఆ తర్వాత ఒక ఆదివారం మా సండే స్కూల్లో రెండో తరగతి పిల్లవాడు "ప్రేమ దీర్ఘకాలము సహించును, దయ చూపించును" అని కంఠత వాక్యం తడబడకుండా అప్పజెప్పి కూర్చున్నాడు. కూర్చుని, "టీచర్, మా నాయన కొట్టినాక నేను థ్యాంక్యూ నాయనా అనాల. అంటేనే ప్రార్థన చేస్తాడు" అన్నాడు. చాడీ చెప్పే గొంతు కాదది. హోంవర్కు ఏమిచ్చారో చెప్పినట్టు చెప్పాడు. "అనకపోతే?" అన్నాను. "మళ్లీ మొదట్నించీ" అన్నాడు.

వాళ్ల ఇంటికి వెళ్లాను. వాక్యాల కేలండరు తగిలించిన మేకుకే బెత్తం కూడా తగిలించి ఉంది. చేత్తో పట్టుకునే చోట పాత చీర అంచు చుట్టారు. తండ్రి తాగడు, అప్పులు చెయ్యడు, ఆరాధనకు ఆలస్యంగా రాడు. చీమకుర్తి గ్రానైట్ క్వారీలో పని. వారానికి ఒకసారి ఇంటికొస్తాడు. వచ్చిన సాయంత్రం తల్లి వారంలో జరిగిన తప్పుల లెక్క చెబుతుంది, ఆయన వసూలు చేస్తాడు. చర్చిలో చెప్పింది చెప్పినట్టు చేస్తున్న మనిషిని నేనేమని తప్పుపట్టేది? నా గొడవ ఆయనతో కాదు, మీతోనే.

మామూలుగా మన ఇళ్లల్లో విసుగొస్తే వీపున ఒకటి తగిలిస్తారు. కాసేపటికి తల్లే దగ్గరికి లాక్కుని అన్నం కలిపి పెడుతుంది. అది మంచి అలవాటని నేను అనడం లేదు. అయినా ఆ దెబ్బ అమ్మ దెబ్బే, దాని మీద దేవుడి సంతకం ఉండదు. పుస్తకం చదివి కొట్టే దెబ్బ మీద ఉంటుంది. ఆ సంతకం వేయించింది సంఘమే.

"బెత్తము వాడనివాడు తన కుమారునికి విరోధి" అని సామెతలు 13లో లేదా అని మీరడుగుతారు. ఉంది. ద్వితీయోపదేశకాండము 21లో మొండివాడైన కుమారుణ్ని ఊరి గుమ్మం దగ్గరికి తీసుకొచ్చి రాళ్లతో కొట్టి చంపమని కూడా ఉంది. మీలో ఏ ఒక్కరూ దాన్ని అక్షరాలా చెయ్యమని చెప్పలేదు, చెప్పరు. అక్కడ ఆగి ఆలోచించిన బుద్ధి ఇక్కడ కూడా వాడమని అడుగుతున్నాను. పౌలు నేరుగా తండ్రుల్ని పిలిచి చెప్పిన మాటలు రెండున్నాయి. "మీ పిల్లలకు కోపము రేపక ప్రభువు యొక్క శిక్షలోను బోధలోను వారిని పెంచుడి" అని ఎఫెసీయులకు, "మీ పిల్లల మనస్సు క్రుంగకుండునట్లు వారికి కోపము పుట్టింపకుడి" అని కొలొస్సయులకు. ఈ రెండో వాక్యం మీద ఒక పూర్తి ప్రసంగం నేనింతవరకు వినలేదు. "తల్లిదండ్రులకు విధేయులై యుండుడి" మీద మాత్రం సెలవుల్లో పిల్లలకు పెట్టే ప్రతి వి.బి.ఎస్.లోనూ పాటతో సహా ఉంటుంది.

దెబ్బలు తిన్న పిల్లవాడి లోపల ఏం జరుగుతుందో సంఘ పితరుల్లో ఒకడే రాసిపెట్టాడు. అగస్టీను తన ఒప్పుకోలు గ్రంథంలో, చిన్నప్పుడు బడిలో దెబ్బలు తగలకుండా చూడమని దేవుణ్ని ఎంతో గట్టిగా ప్రార్థించానని, పెద్దవాళ్లు, తన మేలు కోరే తల్లిదండ్రులు కూడా, ఆ దెబ్బల్ని చూసి నవ్వారని చెబుతాడు. బిషప్ అయిన తర్వాత కూడా ఆ నవ్వు మరిచిపోలేదు.

చట్టం మాట ఒకటి చెప్పి ముందుకు పోతాను. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం బడిలో నేను పిల్లవాడి మీద చెయ్యి వెయ్యకూడదు, మనసు గాయపడేలా వేధించకూడదు, చేస్తే శాఖాపరమైన చర్య ఉంటుంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ బిడ్డను తన సంరక్షణలో ఉంచుకున్న ఎవరి క్రూరత్వాన్నైనా నేరం అంటుంది, మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. సోమవారం బడిలో నిషేధమైంది ఆదివారం చర్చి బల్ల మీద సలహాగా అమ్మితే ఎట్టా?

ఇక మిగిలిన పుస్తకాలు. అన్నింటినీ ఒకే గాటన కట్టను.

జేమ్స్ డాబ్సన్ 'డేర్ టు డిసిప్లిన్' 1970 నాటిది. వియత్నాం యుద్ధం, వీధుల్లోకొచ్చిన యువత, పెద్దల మాట చెల్లకుండా పోతున్నదన్న భయం, ఆ అమెరికాను చూసి రాసిన పుస్తకం. మన ఇళ్లల్లో పెద్దల మాట చెల్లకపోవడం ఇంకా అంత పెద్ద సమస్య కాదు. పిల్లల మాట వినేవాళ్లు లేకపోవడం సమస్య. అవసరమైనవాళ్లు చదువుకుంటారు, బల్ల మీద ముందు వరసలో పెట్టాల్సిన పని లేదు.

టెడ్ ట్రిప్ రాసిన 'షెపర్డింగ్ ఎ చైల్డ్స్ హార్ట్' (1995) సగం బంగారం. పైకి కనిపించే ప్రవర్తన కాదు, లోపలి హృదయాన్ని చూడండి అంటాడు. పిల్లవాడు అబద్ధమాడితే, ఏ భయం ఆడించిందో అడగాలనిపించేలా రాస్తాడు. రెండో సగంలో బెత్తం మళ్లీ వస్తుంది. దీన్ని పెట్టాలనుకుంటే ఒక కాపరి కూర్చుని చదివి, తల్లిదండ్రులతో మాట్లాడాకే చేతికివ్వాలి. ఆయన తమ్ముడు పాల్ ట్రిప్ రాసిన 'ఏజ్ ఆఫ్ ఆపర్చునిటీ' (1997) జాబితాలో లేదు, ఉండాల్సింది. పదో తరగతి అయిపోగానే బిడ్డను ఇంటర్‌కు హాస్టల్లో వేసి, నెలకొకసారి పచ్చడి సీసాతో చూడ్డానికి వెళ్లే తల్లిదండ్రులకు, ఆ వయసును ఎట్టాగో దాటించాల్సిన గండంలా చూడొద్దని చెప్పే పుస్తకం అది.

'బేబీవైజ్' తీసెయ్యమని గట్టిగానే చెబుతాను. 1993లో వచ్చింది. పసిబిడ్డకు పాలు తల్లి పెట్టుకున్న వేళల ప్రకారం ఇచ్చే పద్ధతి నేర్పుతుంది. పాలు చాలక బిడ్డలు బరువు పెరగకపోవడం, ఒంట్లో నీరు తగ్గిపోవడం చూసి అమెరికాలోని పిల్లల డాక్టర్ల సంఘమే 1998లో ఇలాంటి టైంటేబుల్ పాల మీద హెచ్చరిక చేసింది. బిడ్డ అడిగినప్పుడల్లా పాలివ్వమ్మా అని మన ఆశా వర్కరు ఇంటింటికీ తిరిగి చెబుతోంది. ఆమె మాట మీద చర్చి పుస్తకం గెలవకూడదు.

నన్నడిగితే మొదట పెట్టాల్సింది రాస్ కాంబెల్ పుస్తకం. 'హౌ టు రియల్లీ లవ్ యువర్ చైల్డ్', 1977. ఈయన మానసిక వైద్యుడు. ప్రేమ ఉంటే చాలదు, ఆ ప్రేమ పిల్లవాడికి తెలియాలి అంటాడు. ఎట్టా తెలుస్తుంది? కళ్లలోకి చూసి మాట్లాడితే, దగ్గరికి తీసుకుంటే, వాడొక్కడికే కొంచెం సమయం ఇస్తే. క్రమశిక్షణ వీటి తర్వాత మాట. పిల్లవాడు అల్లరి చేసినప్పుడు ముందు వేసుకోవలసిన ప్రశ్న "వీడికిప్పుడు ఏం కావాలి?" అంటాడు. ఆకలా, నిద్రా, జ్వరమా, అమ్మ కావాలా. దీనికి డబ్బు అక్కర్లేదు, ఇంగ్లీషు అక్కర్లేదు. తెలుగులో సారాంశం అచ్చేస్తే ఈ పుస్తకానిది వెయ్యండి.

సదస్సుల్లో వక్తలకు, మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ తల్లి సుసన్నా వెస్లీ అంటే మహా ఇష్టం. పంతొమ్మిది మందిని కన్నది, పిల్లల మొండితనం చిన్నప్పుడే విరిచింది, ఏడ్చినా మెల్లగా ఏడవడం నేర్పింది అని చెబుతారు. అదే తల్లి వారంలో ఒక్కో సాయంత్రం ఒక్కో బిడ్డతో విడిగా కూర్చునేదని ఎందుకు చెప్పరు? జాన్ వెస్లీది గురువారం. పెద్దయి, ఆక్స్‌ఫర్డులో ఉన్నప్పుడు కూడా ఆ గురువారం సాయంత్రంలో కాస్త నాకివ్వమ్మా అని ఆమెకు రాశాడు. కొడుక్కి గుర్తుండిపోయింది ఏదో చూడండి.

ఇంతకంటే పెద్ద చిక్కొకటుంది. ఈ పుస్తకాలన్నింట్లోనూ తండ్రి సాయంత్రానికి ఇంటికొస్తాడు. అందరూ ఒక బల్ల చుట్టూ కూర్చుని తింటారు. తప్పు చేసిన పిల్లవాణ్ని "నీ గదికి పో" అంటారు. మనకు గది ఎక్కడుంది? ఉన్నదొక్కటే, అందులోనే మంచం, గ్యాస్ పొయ్యి, బియ్యం బస్తా. కనిగిరి, పామూరు వైపు నుంచి భార్యాభర్తలిద్దరూ హైదరాబాదు, బెంగళూరుకు బిల్డింగు పనులకు పోతే బిడ్డలు నాయనమ్మ దగ్గరే. పొగాకు సీజన్లో తల్లి తెల్లారకముందే కూలికి పోయి పొద్దుగుంకినాక వస్తుంది. మా సండే స్కూలుకు పిలకాయల్ని చెయ్యి పట్టుకుని తెచ్చేవాళ్లలో అవ్వలే ఎక్కువ. వాళ్ల కోసం జాబితాలో ఒక్కటంటే ఒక్కటి లేదు.

బైబిల్లో మాత్రం ఉంది. పౌలు శిష్యుడు తిమోతి తండ్రి గ్రీసుదేశస్థుడని తప్ప ఇంకేమీ తెలియదు. పౌలు తలుచుకున్నది "నీ అవ్వయైన లోయి"ని, "నీ తల్లియైన యునీకే"ని. మన చర్చిలో వెనక వరసలో చాప మీద కూర్చునే లోయిలకు చదువు రాకపోవచ్చు, కానీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పుస్తకం తెరవకుండా చరణాలు చరణాలు పాడతారు. అది కూడా పిల్లల పెంపకం పుస్తకమే, జాబితాలో రాయండి. పెద్దక్షరాల ముద్రణ దొరికితే అది తెప్పించండి. పదేళ్ల మనవరాలు చదివితే అవ్వ రాగం అందుకుంటుంది.

ఒక పాత పుస్తకం గురించి చెప్పడానికే నిజానికి ఈ ఉత్తరం ఇంత పొడుగైంది. యోహాను క్రిసోస్తోము నాలుగో శతాబ్దం చివర్లో వృథాగర్వం గురించి, పిల్లల పెంపకం గురించి ఒక చిన్న పుస్తకం రాశాడు. ఆయన అంతియొకయలో ప్రసంగీకుడు, తర్వాత కాన్‌స్టాంటినోపుల్ బిషప్. పిల్లవాడి ఆత్మ ఒక కొత్త పట్టణం, నాలుక, చెవులు, ముక్కు, కళ్లు, స్పర్శ దానికి ద్వారాలు, తండ్రి వాటికి కావలి అంటాడు. దెబ్బల విషయం ఆ కాలంలోనే తేల్చేశాడు. అస్తమానం కొట్టొద్దు, దెబ్బలతోనే పెరగడం అలవాటు చెయ్యొద్దు, అలవాటైతే లెక్కచెయ్యడు. భయం పనిచేసిందనిపించగానే వదిలిపెట్టు, మనుష్య స్వభావానికి కాస్త సడలింపు కావాలి. పదహారు వందల ఏళ్ల కిందట ఈ మాట రాసిన భక్తుడు మనకుండగా పావు అంగుళం గొట్టం దేనికి?

అందులో నాకు బాగా నచ్చింది కథ చెప్పే పద్ధతి. పగటి చదువు అయిపోయి పిల్లవాడు తీరిగ్గా ఉన్నప్పుడు కయీను హేబెలు కథ చెప్పమంటాడు. తల్లి కూడా పక్కన కూర్చుని విని మెచ్చుకోవాలట. ఇంకో సాయంత్రం, "ఆ అన్నదమ్ముల కథ చెప్పరా" అనాలి. వాడు కయీను అని మొదలుపెడితే, "అది కాదు, తండ్రి దీవెన ఇచ్చాడే, ఆ ఇద్దరిది" అని యాకోబు, ఏశావుల పేర్లు చెప్పకుండా అందించాలి. ఆ తర్వాత ఆ భాగం చదివే రోజు చర్చికి తీసుకుపోవాలి. మిగతావాళ్లకు తెలియంది తనకు ముందే తెలుసని వాడు ఎగిరి గంతేస్తాడు అంటాడు. నరకం మాట పదిహేనేళ్లు వచ్చేదాకా చెప్పొద్దంటాడు. మనం ఎల్‌కేజీ పిల్లలకు మంటల బొమ్మ చూపించి చేతులెత్తమంటున్నాం.

కథ చెప్పే ఈ పద్ధతి మా క్లాసులో చేసి చూశాను. ఏశావు చిక్కుడుకాయల వంటకం దగ్గరికి వచ్చేసరికి, కథ ముందే తెలిసిన ఇద్దరు పిలకాయలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు, బయటపెట్టకుండా ఉండలేక.

క్రిసోస్తోము పుస్తకంలో లోటు లేదని చెప్పను. ఆయన రాసింది బానిసలున్న ధనవంతుల ఇళ్ల కోసం. ఆడపిల్లల గురించి చివర్లో నాలుగు మాటలు చెప్పి ముగించాడు. మన అవసరానికి ఆ భాగం మనమే రాసుకోవాలి. పుస్తకం చిన్నది, సెమినరీలో చదివిన యువ కాపరులు ఇద్దరు కూర్చుంటే ఇంగ్లీషు నుంచి తెలుగు చెయ్యొచ్చు. పిల్లల అనుభవం కావాల్సిన చోట నేను, మా తోటి టీచర్లు కూర్చుంటాం.

నేను కోరేవి ఇవి. పెర్ల్ దంపతుల పుస్తకం, బేబీవైజ్ బల్ల మీదికి రానివ్వకండి, వాటి తెలుగు సారాంశం అచ్చుకు పోయి ఉంటే ఆపండి. మీలో ఎవరో ఒకరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవని పుస్తకాన్ని సంఘం పేరు మీద సిఫారసు చెయ్యకండి. బయటి నుంచి వచ్చే వక్త పిల్లల శిక్ష గురించి ఏం చెప్పబోతున్నాడో ముందే అడిగి తెలుసుకోండి. సదస్సు శనివారం పగలు పెడితే ఆడవాళ్లే వస్తారు, తండ్రులు రావాలంటే ఆదివారం సాయంత్రం పెట్టండి. అమ్మడం కంటే చర్చిలో ఒక అల్మరా పెట్టి అరువివ్వడం మేలు. తాళం స్త్రీల సమాజం దగ్గర ఉంచండి. ఆఫీసు గదిలో బీరువాలో పెడితే మా ఆడవాళ్లు వచ్చి అడగరు.

పాత సదస్సులో ఆ పద్ధతి విని ఇంటికి బెత్తం తెచ్చుకున్నవాళ్లకు మాత్రం మీరే వెళ్లి చెప్పాలి. నేను చెబితే ఆ తండ్రి మర్యాదగా విన్నాడు, "పాస్టరుగారు చెప్పలేదు కదమ్మా" అన్నాడు.

ప్రభువులో మీ సహోదరి,
ఒక సండే స్కూలు టీచరు
కందుకూరు